కిడ్నీ జబ్బును ముందే ఎలా పట్టుకోవాలి, వచ్చాక ఎలా నెట్టుకురావాలి

నడుము నొప్పి వచ్చిందంటే చాలు, కిడ్నీలకు ఏమైనా అయిందేమోనని టెన్షన్ పడతాం. కాళ్లు వాస్తే మాత్రం పొద్దంతా నిలబడ్డందుకేలే అని వదిలేస్తాం. నిజానికి ఎక్కువ పట్టించుకోవాల్సింది ఆ వాపునే. రాయి అడ్డం పడితేనో, చీము పడితేనో కిడ్నీ నొప్పి పెడుతుంది గానీ, ఏళ్ల తరబడి లోపల్లోపల దాన్ని తినేసే జబ్బు నొప్పి పెట్టదు. సగానికి పైగా పని పోయేదాకా మనిషి పొలానికి పోతూనే ఉంటాడు, డ్యూటీ చేస్తూనే ఉంటాడు. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు, టెస్ట్ చేయించండి అని మా ఊళ్లో అందరినీ సతాయిస్తుంటాను. మా బాపు డయాలసిస్ మీద ఉన్నాడు. వరంగల్ ఆసుపత్రుల చుట్టూ ఆయన వెంట తిరుగుతూ, డాక్టర్లను అడిగి అడిగి తెలుసుకున్నదంతా వరుసగా రాస్తున్నాను.

మొదటి పని: మీరు టెస్ట్ చేయించుకోవాల్సిన వాళ్లలో ఉన్నారా, చూసుకోండి

షుగర్ ఉందా? బీపీ ఉందా? ఉంటే ఇంకేం ఆలోచించకండి, ఏడాదికోసారి తప్పనిసరి. కిడ్నీలు పూర్తిగా పోవడానికి పెద్ద కారణాలు ఈ రెండే. ఇంట్లో అమ్మకో నాన్నకో అన్నదమ్ములకో కిడ్నీ జబ్బు ఉన్నా, మాటిమాటికీ రాళ్లు వస్తున్నా, గుండె జబ్బు ఉన్నా, వయసు 60 దాటినా, గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగినా, ఎప్పుడైనా పాము కాటుకు కిడ్నీ దెబ్బతిని బయటపడ్డా మీరూ ఈ లెక్కలోకే వస్తారు. ఏళ్ల తరబడి మోకాళ్లకో నడుముకో నొప్పుల గోలీలు మింగుతున్నవాళ్లు అందరికంటే ముందు వెళ్లాలి. ఆ గోలీల సంగతి కింద విడిగా రాశాను, అది మాత్రం తప్పకుండా చదవండి.

రెండో పని: సరైన టెస్టులు అడిగి చేయించుకోండి

పెద్ద ప్యాకేజీలేం అక్కర్లేదు. రక్తంలో క్రియాటినిన్ (కండల నుంచి వచ్చే చెత్త, కిడ్నీలు బయటికి పంపాల్సింది), మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, మామూలు మూత్ర పరీక్ష, చేతికి పట్టీ కట్టి చూసే బీపీ. మొదట ఇవి చాలు. డబ్బులకు ఇబ్బంది ఉంటే దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్లండి, అక్కడ తీసిన శాంపిల్ తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌కు వెళ్తుంది, పైసా ఖర్చుండదు.

మూత్రం శాంపిల్ ఇంటి నుంచి పాత సీసాలో పట్టుకెళ్లకండి. ల్యాబ్ వాళ్లిచ్చే డబ్బాలోనే, వీలైతే పొద్దున లేవగానే వచ్చేదాన్ని, మొదటి ధార వదిలేసి మధ్యలో పట్టాలి. ఆడవాళ్లు నెలసరి రోజుల్లో ఇవ్వకపోతే మంచిది, రక్తం కలిసి రిపోర్టు తప్పుగా వస్తుంది. జ్వరంగా ఉన్నప్పుడు, ముందురోజు దావత్‌లో మటన్ గట్టిగా తిన్నప్పుడు కూడా అంకెలు కొంచెం పైకి వస్తాయి. అలాంటప్పుడు రెండు మూడు రోజులు ఆగి వెళ్లండి.

మూడో పని: రిపోర్టు మీరే చదవండి

చాలామంది ఇక్కడే మోసపోతారు. క్రియాటినిన్ పక్కన నార్మల్ రేంజ్ అని ఒకటి అచ్చేసి ఉంటుంది, అంకె అందులోనో దాని అంచునో ఉంటే కాగితం మడిచి జేబులో పెట్టేసుకుంటారు. కానీ క్రియాటినిన్ కండల నుంచి వస్తుంది, కండ తక్కువున్న ముసలివాళ్లలో అది అసలే తక్కువగా ఉంటుంది. ఒక లెక్క చూడండి. 25 ఏళ్ల కుర్రాడికి క్రియాటినిన్ 1.3 వస్తే అతని కిడ్నీలు దాదాపు 78 శాతం పని చేస్తున్నట్టు. అదే 1.3 ఒక 65 ఏళ్ల అవ్వకు వస్తే 45 దగ్గర ఉన్నట్టు. అంకె ఒకటే, ఒకరికి పెద్దగా భయం లేదు, ఇంకొకరికి జబ్బు మూడో దశలో ఉంది.

అందుకే క్రియాటినిన్ కింద ఈజీఎఫ్‌ఆర్ అనే అంకె ఉందేమో చూడండి, లేకపోతే వేసిమ్మని అడగండి. వయసు, ఆడా మగా లెక్కలోకి తీసుకుని కిడ్నీల పనితనం చెప్పే అంకె అది. కచ్చితంగా శాతం కాదు గానీ, అలా అనుకుంటే మనకు సులువుగా అర్థమవుతుంది. 90 పైన ఉండి మూత్రంలో కూడా ఏమీ లేకపోతే బాగున్నట్టు. 60 కిందికి దిగి మూడు నెలల తర్వాత కూడా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 30 కిందికి వస్తే నాలుగో దశ, కిడ్నీ డాక్టర్ని, అంటే నెఫ్రాలజిస్టును తప్పకుండా కలవాలి. 15 కిందికి వస్తే ఐదో దశ, డయాలసిస్ మాటలు అక్కడ మొదలవుతాయి. ఒక్కసారి వచ్చిన అంకెను చూసి కుంగిపోవద్దు, మూడు నెలలకు మళ్లీ చేయించి రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. అయితే ఉన్నట్టుండి బాగా పెరిగిందంటే మాత్రం మూడు నెలలు ఆగకండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్. కిడ్నీ జల్లెడ లాంటిది, చెత్తను వదిలి ప్రొటీన్‌ను ఆపాలి. జల్లెడ చినిగితే ప్రొటీన్ జారిపోతుంది. ఆ నిష్పత్తి 30 లోపు ఉంటే మంచిది, 30 నుంచి 300 అంటే నష్టం మొదలైనట్టు, 300 దాటితే గట్టిగా పట్టించుకోవాలి. క్రియాటినిన్ ఇంకా బాగున్నప్పుడే ఇది పెరగడం మొదలవుతుంది కాబట్టి షుగర్ వాళ్లకు ఇదే అసలు టెస్ట్. ఇంట్లో గమనించుకునే గుర్తు కూడా ఉంది, మూత్రం మీద నురగ సబ్బు నీళ్ల నురగలా నీళ్లు పోసినా పోకుండా ఉంటే అనుమానించాలి.

స్కానింగ్ రిపోర్టులో గ్రేడ్ 1 ఆర్‌పీడీ (స్కాన్‌లో కిడ్నీ కండ కాస్త మారినట్టు కనిపించడం) అని రాసి ఉందని ఏడుస్తూ ఫోన్ చేసేవాళ్లున్నారు. ఈజీఎఫ్‌ఆర్, మూత్రం రెండూ బాగుంటే ఆ ఒక్క మాటకు నిద్ర పాడుచేసుకోవద్దు. డాక్టర్‌కు చూపించి, చెప్పిన గడువుకు మళ్లీ టెస్టులు చేయించండి.

నాలుగో పని: మీకున్నది ఏ రకమో తెలుసుకోండి

కిడ్నీ జబ్బు అనగానే అందరికీ డయాలసిసే గుర్తొస్తుంది. కానీ రకాలున్నాయి, దేని వైద్యం దానిదే.

రాళ్లు. ఒక పక్క నడుము దగ్గర మొదలై పొట్ట మీదుగా గజ్జల్లోకి పొడుచుకుంటూ దిగే నొప్పి, కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు. వాంతులు, మూత్రంలో రక్తం. ఏప్రిల్, మేలో మన దగ్గర ఎండ ఎలా కాస్తుందో తెలిసిందే. మిర్చి ఏరేవాళ్లు, క్వారీల్లో, ఇటుక బట్టీల్లో పని చేసేవాళ్లు చెమట రూపంలో లీటర్లకు లీటర్లు పోగొట్టుకుని తాగేది మాత్రం చెంబెడు. మూత్రం చిక్కబడి రాళ్లు కడతాయి. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి, డాక్టర్ గోలీలు ఇచ్చి చూస్తారు. 10 మిల్లీమీటర్లు దాటితే సాధారణంగా లేజర్‌తోనో, నడుము దగ్గర చిన్న రంధ్రం చేసో తీయాల్సి వస్తుంది. రాయి ఉండి చలిజ్వరం కూడా వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే మూత్రం రోజుకు రెండు, రెండున్నర లీటర్లు వచ్చేంత నీళ్లు తాగాలి. ఎండలో పని చేసేవాళ్లకు మూడు నాలుగు లీటర్లయినా పడుతుంది. మూత్రం లేత రంగులో ఉంటే సరిపోతున్నట్టు. ఉప్పు తగ్గించండి. పాలు, పెరుగు మానకండి, తిండిలో కాల్షియం మానేస్తే రాళ్లు పెరుగుతాయే గానీ తగ్గవు. టమాటాను అనవసరంగా తిడతాం, ఆక్సలేట్ ఎక్కువుండేది పాలకూరలో. బీరు తాగితే రాయి కరగదు. కొండపిండాకు, రణపాల ఆకు తిని నాకు పడిపోయిందని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, అవి చిన్న రాళ్లు, ఎలాగూ పడిపోయేవే. పెద్ద రాయి మూత్రానికి అడ్డం పడి ఉన్నప్పుడు ఆకు నములుతూ నెలలు గడిపితే ఆ కిడ్నీయే పోతుంది.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వాసన. ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువ. చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి కలిస్తే అది కిడ్నీ దాకా పాకినట్టు. ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూసే కల్చర్ టెస్ట్‌కు మూత్రం ఇచ్చాకే యాంటీబయోటిక్ మొదలుపెట్టడం మంచిది, మొదలుపెట్టాక మంట తగ్గిందని మధ్యలో ఆపొద్దు. పొలం పనులకు, మార్కెట్లకు వచ్చే ఆడవాళ్లు బాత్రూం లేదని పొద్దటి నుంచి నీళ్లు తాగకుండా ఉంటారు. ఇది వాళ్ల తప్పు కాదు, కానీ జబ్బు వచ్చేది వాళ్లకే. బస్టాండులోనో, బంకులోనో ఎక్కడ దొరికితే అక్కడ ఆగి వెళ్లండి, బిగబట్టుకోవద్దు.

పిల్లల్లో వాపు. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బి, మొహం నిండుగా కనిపిస్తే ఒళ్లు చేశాడని మురిసిపోకండి, మూత్ర పరీక్ష చేయించండి. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు, ప్రొటీన్ విపరీతంగా పోతుంది. స్టెరాయిడ్ గోలీలకు చాలామంది పిల్లల్లో అది బాగా తగ్గుతుంది. మళ్లీ మళ్లీ రావచ్చు, వచ్చినా పెద్దయ్యేకొద్దీ చాలామందిలో పోతుంది. స్టెరాయిడ్ పేరు విని భయపడి మధ్యలో ఆపేయడమే ప్రమాదం.

ఉన్నట్టుండి కిడ్నీ ఆగిపోవడం. వానాకాలంలో వాంతులు విరేచనాలు, మలేరియా, డెంగీ, ఎలుక జ్వరం, పాము కాటు. రక్తపింజర కరిస్తే రక్తం గడ్డకట్టకుండా పోవడమే కాదు, కిడ్నీలూ ఆగిపోతాయి. ములుగు, భూపాలపల్లి వైపు, వరి కోతల్లో ఎవరికి ఏది కరిచినా కట్టు బిగించొద్దు, కోయొద్దు, మంత్రం దగ్గరికి తీసుకుపోవద్దు. కాలు కదలకుండా ఉంచి, విరుగుడు సూది మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి, వరంగల్‌లోని పెద్ద సర్కారు ఆసుపత్రి ఎంజీఎంకైనా సరే, దగ్గర్లో ఉన్న సర్కారు దవాఖానాకైనా సరే. విరేచనాలు మొదలైన గంట నుంచే లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి తాగించండి. ఇలాంటి కేసుల్లో డాక్టర్ డయాలసిస్ అంటే, ఒకసారి ఎక్కిస్తే జీవితాంతం ఎక్కించాలట కదా అని సంతకం పెట్టకుండా వెనక్కి తీసుకెళ్లేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఉన్నట్టుండి ఆగిన కిడ్నీ చాలామందిలో కొన్ని రోజులకో వారాలకో మళ్లీ పని మొదలుపెడుతుంది, అప్పటిదాకా ప్రాణం నిలిపేది ఆ డయాలసిసే.

వంశపారంపర్యంగా వచ్చే నీటితిత్తుల జబ్బు ఇంకొకటి. తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకు సగం అవకాశం ఉంటుంది, పెద్దయ్యాక స్కానింగ్ చేయిస్తే తెలుస్తుంది. వయసు మీదపడ్డ మగవాళ్లలో ప్రొస్టేట్ పెరిగి మూత్రం నిలిచిపోయి కిడ్నీలు ఉబ్బడం కూడా మామూలే, సిగ్గుపడకుండా యూరాలజిస్టుకు చూపించుకోవాలి.

ఐదో పని: ఇంట్లో ఉన్న గోలీల డబ్బా కింద పోయండి

ఇప్పుడే లేచి ఆ డబ్బానో కవరో తెచ్చి మంచం మీద పోయండి. ఒక్కో షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి, మీకు రాకపోతే పిల్లలతో చదివించండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్, నాప్రోక్సెన్, పైరాక్సికామ్. వీటిలో ఏది కనిపించినా పక్కన పెట్టండి. ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపి ఉన్న షీట్లు ప్రతి ఇంట్లో ఉంటాయి, పారాసిటమాల్ అనే మాట చూసి మంచిదేలే అనుకుంటాం. పక్కనున్న ఇంకో పేరే కిడ్నీని కొడుతుంది.

నాట్లప్పుడు, కలుపు తీసేటప్పుడు ఒళ్లు నొప్పులకు రోజుకొకటి, ఇంకా తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర సూది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎప్పుడో ఒకటి వేసుకుంటే ఏమీ కాదు. షుగర్, బీపీ ఉండి, టెల్మిసార్టాన్ లాంటి బీపీ గోలీతోపాటు నీరు పోయే గోలీ కూడా వాడుతూ, ఎండలో నీళ్లు సరిగ్గా తాగక, పైన ఈ నొప్పి గోలీ వేసుకుంటే అన్నీ కలిసి కిడ్నీకి రక్తం అందకుండా చేస్తాయి. అది నాలుగు రోజుల్లో కూడా జరగొచ్చు. అలాంటి వాళ్లు నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే, అది కూడా డాక్టర్ చెప్పిన మోతాదులో. మోకాళ్లకు కాపడం, వ్యాయామం, పైపూత మందు. సూది ఇచ్చేవాళ్లకు ముందే చెప్పండి, నాకు కిడ్నీ జబ్బు ఉంది, నొప్పి సూది వద్దు అని. భస్మాలు, ఎవరో ఇచ్చిన పొడులు కూడా మానేయండి, కొన్నింటిలో పాదరసం, సీసం ఉంటాయి.

ఆరో పని: బీపీ, షుగర్ అదుపులో పెట్టి గోలీలు మానకుండా వాడండి

బీపీ 130/80 లోపు, మూడు నెలల షుగర్ (హెచ్‌బీఏ1సీ) చాలామందికి 7 దగ్గర ఉండాలి. ప్రొటీన్ పోతున్నవాళ్లకు టెల్మిసార్టాన్, రామిప్రిల్ రకం గోలీలు, ఇప్పుడు డాపాగ్లిఫ్లోజిన్ రకం గోలీలు కూడా కిడ్నీని కాపాడటానికే ఇస్తున్నారు. ఇవి మొదలుపెట్టాక క్రియాటినిన్ కొంచెం పెరగడం మామూలే, ఒకటి రెండు వారాల్లో రక్త పరీక్ష చేయించి పొటాషియం కూడా చూపించుకోండి. వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజుల్లో వీటిని, మెట్‌ఫార్మిన్‌ను కొద్ది రోజులు ఆపాల్సి రావచ్చు, డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి. బీపీ నార్మల్‌గా ఉందని గోలీ ఆపేయకండి. గోలీ వల్లే అది నార్మల్‌గా ఉంది.

ఏడో పని: పళ్లెంలో ఏం మార్చాలి

ముందు ఉప్పు. మనిషికి రోజుకు ఒక చిన్న చెంచా, 5 గ్రాములు, అంతే. మన ఇళ్లలో తొక్కు లేకుండా ముద్ద దిగదు, పైన అప్పడం, సాయంత్రం మిక్చర్, పండగకు సకినాలు. కూరలో ఉప్పు తగ్గించి తొక్కు మూడు పూటలా నంజుకుంటే లాభం లేదు. సైంధవ లవణం కూడా ఉప్పే. తక్కువ సోడియం ఉప్పు అని షాపుల్లో అమ్మే దాంట్లో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు వాళ్లు దాన్ని ముట్టొద్దు.

మిగతావి జబ్బు దశను బట్టి. పొటాషియం పెరిగితేనే కొబ్బరినీళ్లు, అరటిపండు, పండ్ల రసాలు మానాలి, కూరగాయలు చిన్న ముక్కలు కోసి ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. రిపోర్టులో పొటాషియం బాగున్నవాళ్లు పండ్లన్నీ మానేసి చిక్కిపోవాల్సిన పని లేదు. పప్పు, గుడ్డు కొలత కూడా అంతే, డయాలసిస్‌కు ముందు కాస్త తగ్గించమంటారు, మొదలయ్యాక పెంచమంటారు. పక్కింటివాళ్లకు చెప్పిన పథ్యం మీరు చేయకండి. నీళ్లు కూడా అందరికీ ఎక్కువ పనికిరావు. ఒంట్లో నీరు చేరి కాళ్లు వాచినవాళ్లు కిడ్నీలు కడుక్కుంటాయని చెంబులకొద్దీ తాగితే ఊపిరితిత్తుల్లోకి నీరు వస్తుంది.

ఎనిమిదో పని: నాలుగో దశలోనే డయాలసిస్‌కు సిద్ధం కండి

డయాలసిస్ అనే మాట ఇంట్లో ఎత్తడానికే భయపడతారు. మా ఇంట్లోనూ బాపు ముందు ఎవరం అనలేదు. ముందే సిద్ధమైనవాళ్లకు డయాలసిస్ కోసం మెడలో పైపు వేయించుకునే బాధ తప్పుతుంది. ఈజీఎఫ్‌ఆర్ 30 కిందికి దిగినప్పటి నుంచి మీరు ఎక్కువ వాడని చెయ్యిని, కుడిచేతి వాటం వాళ్లయితే ఎడమ చెయ్యిని, కాపాడుకోండి. ఆ చేతికి సెలైన్లు, సూదులు వద్దని ప్రతి నర్సుకూ చెప్పండి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఫిస్టులా వేసేది ఆ చేతికే. చిన్న ఆపరేషన్‌తో రక్తనాళాలు రెండు కలుపుతారు, అది పండటానికి, అంటే సూది గుచ్చడానికి పనికొచ్చేలా కావడానికి, నెలన్నర, రెండు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. వేశాక రోజూ పొద్దున వేళ్లు ఆనించి చూడాలి, లోపల జివ్వుమని అదురుతూ ఉండాలి. బాపు పళ్లు తోముకోకముందే అది చూసుకుంటాడు. అదురు ఆగిపోతే అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, దాని మీద పడుకోవద్దు, బరువులు మోయొద్దు. హెపటైటిస్ బి టీకాలు కూడా ముందే వేయించుకోండి.

డయాలసిస్ మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. బాగానే ఉంది కదా అని, ఊళ్లో పెళ్లి ఉందని మానేస్తే పొటాషియం పెరిగి గుండెను ఆపేయొచ్చు. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితం, ఆ పథకం పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛన్ 2022లో మొదలుపెట్టారు, దరఖాస్తు పెట్టుకోండి. ఎంజీఎంలోనే కాదు, చాలా ఏరియా ఆసుపత్రుల్లో కూడా మిషన్లున్నాయి, మీ ఊరికి దగ్గర్లో ఖాళీ ఉందేమో ముందు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి. ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్ కూడా ఉంది, శుభ్రంగా చేసుకోగలిగే వాళ్లకు తిరుగుడు తప్పుతుంది.

వయసు, ఒంట్లో సత్తువ ఉంటే కిడ్నీ మార్పిడి గురించి మొదట్లోనే అడగండి. చట్టం ప్రకారం తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్యాభర్తలు, తాతలు, అవ్వలు, మనవలు, మనవరాళ్లు దగ్గరి బంధువులుగా ఇవ్వొచ్చు. అన్ని పరీక్షలూ చేసి సరే అన్న దాత ఒక కిడ్నీతో మామూలుగా బతుకుతారు. ఇచ్చేవాళ్లు లేకపోతే చనిపోయినవాళ్ల అవయవాలను అవసరమున్నవాళ్లకు కేటాయించే సర్కారు పథకం జీవన్‌దాన్‌లో ఆసుపత్రి ద్వారా పేరు రాయించుకోవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో, ఉస్మానియాలో ఈ ఆపరేషన్లు జరుగుతాయి. మార్పిడి అయ్యాక గోలీలు బతికున్నన్నాళ్లూ వేసుకోవాలి, ఒక్క పూట కూడా తప్పకుండా. డబ్బు చెప్పి కిడ్నీ ఇప్పిస్తామని వచ్చే మధ్యవర్తులను గడప తొక్కనివ్వకండి, అది నేరం.

అర్ధరాత్రైనా ఆగకూడనివి: మూత్రం పూర్తిగా ఆగిపోవడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, కాళ్లు చేతులు ఒక్కసారిగా చచ్చుబడినట్టు కావడం, మనిషి మత్తుగా తడబడటం, ఫిట్స్, చలిజ్వరంతో నడుము నొప్పి. 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు తేదీల వరుసలో, వాడుతున్న గోలీల షీట్లు, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు అన్నీ ఒకే కవర్లో పెట్టి తీసుకెళ్లండి. ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి.